ఫాల్గుణమున నొక యుదయపు నడక

పంచాంగము ప్రకారము వసంతఋతువు చైత్రశుద్ధ పాడ్యమినాడు గాని ప్రారంభము కాదు. ఫాల్గుణము శిశిరములోనిది. ముప్పదిమూడేండ్లు తెలుగు పండితుడుగా పనిచేసినవాడను గావున, బాలురకు ఋతువులు చెప్పునపుడు నేనీ లెక్కను వ్రేళ్లకణుపులపై నెంచి చూపుచుంటిని. ఒక్క దినమైనను తప్పనిచ్చువాడను గాను. కాని మా యింటి ముంగిటి వేపచెట్టు ఫాల్గుణశుద్ధమునందే యాకు రాల్చి, బహుళము వచ్చునప్పటికి రాగిరంగు చివుళ్లు తొడిగినది. కోకిలయు మాఘమాసాంతమునుండియే గొంతు సవరించుకొనుచున్నది. వీనికెవ్వరును పంచాంగము చదివి వినిపించినట్లు లేదు. కావున నేడు నేను చెప్పబోవు నడక సంవత్సరాదికి పదిదినములు ముందు, ఫాల్గుణ బహుళ పంచమినాడు జరిగినదే యైనను, దానిని వసంతారంభపు నడక యనియే చెప్పుచున్నాను. పండితులు క్షమింతురు గాక.

నాకు నడక యలవాటైనది ఉద్యోగవిరమణ తరువాత, వైద్యుని యాజ్ఞచేత. మొదటి యేడు తారురోడ్డుమీద నడచి లారీల ధూళిని సేవించితిని. పిమ్మట నా మనుమడు నాకొక దుర్భిణిని తెచ్చి యిచ్చెను. తాతకు దూరపుచూపు మందగించినదని వాడు జాలిపడి యిచ్చెనో, వేడుకకిచ్చెనో తెలియదు. ఆ దుర్భిణియే నన్ను రోడ్డునుండి చేనిగట్లకు మఱలించినది. మా గ్రామము గుంటూరునకు సమీపమున, పెదకాకాని మండలములోని ఉప్పలపాడునకు కోసున్నర దూరమున నున్నది. ఉప్పలపాటి చెఱువును, దానిమీది పక్షులను చూచినవారు మీలో కొందఱుందురు. నా నడక యచ్చటికే.

తెల్లవాఱుటకు గడియకాల ముండగా కఱ్ఱయు దుర్భిణియు దీసికొని బయలుదేఱితిని. అరుగుమీద చూరునకు వ్రేలాడగట్టిన వరికంకుల కుచ్చుపై నప్పటికే మూడు పిచ్చుకలు చేరి తగవులాడుకొనుచుండెను. కోతలకాలమున కంకులను జడగా నల్లి, యిండ్లకును దేవాలయములకును పిచ్చుకలకొఱకు గట్టుట మన రైతులలో తఱతరములనుండి వచ్చుచున్న యాచారము. కుచ్చులు కట్టువారు నేటికిని కొందఱున్నారు గాని, చూరు లేవి? మేడగోడలలో పిచ్చుక దూఱునంత సందైనను ఉండదు. మా వీధిలో పెంకుటిల్లు మాది యొక్కటే మిగిలినది. అందువలన వీధిలోని పిచ్చుకలన్నియు మా కుటుంబములోనివే యైనవి. మా కోడలికి మాత్రమీ బంధుత్వ మంతగా రుచింపదు. తుడిచిన యరుగును మఱల తుడువవలసి వచ్చును గదా!

కాలువగట్టు చేరునప్పటికి తూర్పు తెల్లబడినది. నీరు తగ్గి యొడ్డున బురద తేలియుండెను. ఆ బురదమీద తోకను క్షణమైన నిలుపక యాడించుచు పరుగులిడుచున్న చిన్నపిట్టలు కొన్ని కనబడెను. మనవారు వీనిని కాటుకపిట్ట లందురు. జిట్టంగి యనియు నందురు. సంస్కృతమున ఖంజనము, ఖంజరీటము. నా యుద్యోగకాలమున నీ ఖంజనమును గూర్చి చెప్పినంత మఱియే పక్షిని గూర్చియు నేను చెప్పియుండలేదు. ప్రబంధములలో నాయికకు కన్నులున్నంతకాలము ఖంజనము లేక తప్పదు. వరాహమిహిరుని బృహత్సంహితయందు దీనిని చూచుటవలన గలుగు శుభాశుభములకై యొక యధ్యాయమే యున్నది. ఇంత చెప్పిన నేను దానిని అరువదిరెండవ యేట గాని చూడలేదు. చూడలేదనుట సరికాదు, కాలువకు స్నానమునకు పోయిన ప్రతిదినమును చూచితిని. అది యిదియే యని యెఱుగను. నాకు ఖంజనము పుస్తకములో నుండెడి పక్షి, కాటుకపిట్ట కాలువ యొడ్డున నుండెడి పక్షి.

ఆనాడు రెండు విధములైనవి కనబడెను. ఒకటి నలుపు తెలుపులది. కంటిమీద తెల్లని బొమ దిద్దినట్లుండును. ఇది మన యూరి పక్షియే. ఏడాది పొడుగునను నీటియొడ్డునే కాపురము. ఈ దినములలో మగది ఱాతిమీద నిలిచి మిక్కిలి తీయగా కూయును. రెండవది పసుపు పొట్టది. అది శరత్తున హిమాలయముల కవ్వలినుండి వచ్చి, యెండలు ముదురునప్పటికి మఱలిపోవును. చలికాలమంతయు వెలవెలబోయియుండు దాని పసుపు ప్రయాణకాలము సమీపించినకొలదిని మెఱుగు తేలును. పెండ్లికి పోవువారు ముందుగనే బట్టలు వేసికొని కూరుచున్నట్లు, పదునైదిరువది పసుపుపిట్టలు బురదమీద తిరుగుచుండెను. మఱి నాయిక కన్నులతో పోలిక యెందుకు వచ్చినదో యప్పుడు తెలిసినది. రంగువలన కాదు, ఆకారమువలన కాదు. ఒక్క నిమిషము నిలుకడ లేకపోవుటవలన. టీకలో వ్రాసియున్న సంగతియే. కాని టీక చదువుట వేఱు.

కాలువ దాటి మినుము పీకిన చేలలోనికి దిగితిని. వరి కోసిన మాగాణిలో తేమ యాఱకమునుపే మినుమో పెసరో చల్లుట మా ప్రాంతపు రివాజు. అది కూడ పీకివేసిన పిమ్మట నేల బీటలువాఱి, పొడుచుకొనియున్న మోళ్లతో నడచుటకు కష్టముగా నుండును. తలపైన తీతువుల జంట యొకటి యఱచుచు గిరగిర తిరుగసాగెను. మా చిన్నతనమున రాత్రివేళ తీతువు కూసినచో, ఇంట ముసలివారుండినయెడల నందఱును వారి మొగము వంక చూచెడివారు. పాపము, ఆ ముసలివారు తీతువునకే గాక, ఈ చూపులకును భయపడెడివారు. ఇప్పుడా స్థానమునకు నేను వచ్చితిని గనుక తీతువు కూతను కొంచెము శ్రద్ధతో వినుచుందును. ఇంతలో వెనుకనుండి కేక వినబడినది.

“పంతులుగారూ, ఆగండి! అడుగు ముందుకెయ్యకండి!”

పామేమో యని కాలు గాలిలోనే నిలిపితిని. గొంగడి కప్పుకొన్న మనుష్యుడొకడు పరుగున వచ్చి నా కాలిముందు చూపెను. నాలుగు మట్టిబెడ్డలు. కొంతసేపు చూచిన తరువాత గాని యవి బెడ్డలు కావు, గ్రుడ్లని నా కన్నులకు తెలియలేదు. మట్టిరంగు, దానిపై నల్లని మఱకలు. సన్నని కొనలు నాలుగును లోపలికి చేర్చి పేర్చియున్నవి. గూడు లేదు, గడ్డి లేదు. రెండు గులకఱాళ్లు మాత్రము కావలి.

ఇదియే సంస్కృతమున టిట్టిభము. పంచతంత్రములో సముద్రుడు టిట్టిభపు గ్రుడ్లను హరింపగా, పక్షులన్నియు గరుత్మంతునితో మొఱపెట్టుకొనుటయు, తుదకు శ్రీమన్నారాయణునికి వెఱచి సముద్రుడు గ్రుడ్లను మఱల నిచ్చివేయుటయు మీరెఱిగినదే. ఈ కాలమున సముద్రుని స్థానమునకు ట్రాక్టరు వచ్చినది. అయితే ట్రాక్టరు దేనికిని వెఱవదు. వచ్చిన మనుష్యుడు నాలుగు తుమ్మకంపలు తెచ్చి గ్రుడ్ల చుట్టును దూరదూరముగ గ్రుచ్చి, “ఇవాళ మంద ఈ చేలోనే కడతన్నానండీ. గొర్రెలు తొక్కకుండా ఇదొకటి గుర్తు,” అనెను. గొఱ్ఱెల యెరువునకై కోతలైన చేలలో రాత్రిపూట మంద కట్టించుకొనుట రైతులకు వాడుక. మందకు కూలి పుచ్చుకొనువాడు తీతువునకు కూలి లేకయే కాపు కాచుచుండెను.

ఇతడెవరో చెప్పవలెను. ముప్పదియేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతిలో నా శిష్యుడు. గొఱ్ఱెలకాపరి కుమారుడు, వెనుకబల్లమీద కూరుచుండెడివాడు. ఒకనాడు నేను వసంతవర్ణనము చెప్పుచు, కోకిలను గాయకురాలిని చేసి, ఆమె మావిచివుళ్లు మెసవి పంచమస్వరమున పాడునని యుత్సాహముతో వర్ణించుచుంటిని. వెనుకబల్లనుండి వీడు లేచి, “కూసేది పోతండీ. పెంటి అట్టా కుయ్యదు. పెంటికి ఒళ్లంతా చుక్కలుంటాయండీ,” అనెను. తరగతి గొల్లుమన్నది. నా వర్ణన విఱిగిపోయినది. పోతు, పెంటి యను మాటలు నా తరగతిలో నుచ్చరింపబడుటయు నాకు కష్టముగా తోచినది. “కవులకు తెలియనిది నీకు తెలిసినదా? బల్ల యెక్కి నిలువుము,” అంటిని. గంట కొట్టువఱకు వాడు బల్లమీదనే నిలిచియుండెను.

మఱుసటి యేడు వాడు తొమ్మిదవ తరగతికి రాలేదు. గొఱ్ఱెల వెంట పోవుచున్నాడని తోడిబాలురు చెప్పిరి. తండ్రికి జబ్బుచేసినదనియు వింటిని. కారణమదియే కావచ్చును. నా మాటకూడ కొంత కారణమేమో యని నేనెన్నడును విచారింపలేదు. తీరిక లేకపోయెనని చెప్పుకొనుచుంటిని గాని, నిజమునకు ధైర్యము లేకపోయినది.

శ్రోతలారా, వాడు చెప్పినది సత్యము. కోకిలలలో ఆ ప్రసిద్ధమైన కూత మగదానిది. నల్లనిదియు మగదియే. ఆడుదాని యొడలు ధూమ్రవర్ణము; దానిపై తెల్లని చుక్కలు, తోకపై చారలు. అదియు మౌనముగ నుండదు గాని దాని కూత కిక్కు కిక్కు మని త్వరత్వరగా తెగిపోవు కఠినమైన ధ్వని. ఈ సంగతి నాకు దుర్భిణి వచ్చిన రెండవయేట తెలిసినది. తెలిసిన దినమున వెంటనే బల్లమీద నిలిచిన బాలుడు జ్ఞప్తికి వచ్చెను. ఆనాటినుండియు చేలవెంట వానికై నేను చూచుచునే యున్నాను; కనబడినపుడెల్ల ఏదో పలుకరించి, ఆ మాట మాత్రమెత్తక తప్పుకొనుచునే యుంటిని.

ఆ యుదయమున తప్పుకొనుటకు వీలు లేకపోయినది. చేని చివర రావిచెట్టునుండి కోకిల యెత్తుకొనెను. మంద్రముగా మొదలిడి, కూతకూతకును స్వరము హెచ్చించి, శిఖరమున కెక్కించి, అచ్చట విఱిచివేసెను. మందను తన మేనల్లునికొప్పగించి యితడు నన్ను చెట్టుక్రిందికి తీసికొనిపోయెను. “అదుగో పోతు. కళ్లు చూడండి, నిప్పుకణికలు. ఇప్పుడు అటు కాదండీ, ఆ రెండో కొమ్మ మీద, ఆకుల మరుగున... కదలకండి. అదే పెంటి,” అని చూపెను. ఆకుల నీడలో నీడవలె నది కూరుచుండెను. ఎండచుక్కలేవో, దాని యొడలిచుక్కలేవో చెప్పలేకపోయితిని.

రెండు కాకులు వచ్చి పోతును తఱిమికొనిపోయెను. చైత్రవైశాఖములలో కాకులు గూళ్లు కట్టినప్పుడు ఈ తఱుములాటయే దానికి లాభము. కాకులు మగదానిని తఱుముచుండగా ఆడుది సందు చూచుకొని గూటిలో గ్రుడ్డు పెట్టిపోవును. అమరకోశములో కోకిలకు పరభృత మని పేరు. అనగా ఇతరులచే పోషింపబడునది. కాకికి పరభృత్తు, అనగా ఇతరులను పోషించునది. ఒక్క యక్షరపు టెడము. అమరసింహుడు కాకిగూటి సంగతి నెంత నేర్పుగా రెండు మాటలలో నిమిడ్చినాడో! బాలురచే వల్లె వేయించునపుడు ఇందులో ఉచ్చారణదోషము తప్ప మఱేమియు నేను గమనింపలేదు.

అంతకంటె సిగ్గుచేటైనది మఱియొకటి యున్నది. కుమారసంభవ తృతీయసర్గమున వసంతాగమనమును వర్ణించుచు కాళిదాసు మావిచివురు తిని కూసినది పుంస్కోకిల మని స్పష్టముగా చెప్పెను. పుంస్కోకిల మనగా మగకోకిల. ఆ శ్లోకము నాకు కంఠస్థము. భాషాప్రవీణ చదువునపుడు ప్రతిపదార్థము వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడను. గొల్లపిల్లవాడును కాళిదాసును ఒక్కమాటయే చెప్పిరి, నేనిద్దఱినిగూడ వినలేదు. ఆనాడు బల్లమీద నిలువబెట్టినది వానినొక్కనినే కాదు; వాని ప్రక్కన కాళిదాసుగారిని గూడ నిలువబెట్టితిని.

రావిచెట్టు క్రింద ఎట్లో గొంతు పెగల్చుకొని, “అబ్బాయీ, ఆనాడు నువ్వు చెప్పిందే నిజంరా,” అంటిని.

“ఏనాడండీ?”

“కోకిల సంగతి. బల్ల యెక్కించాను.”

అతడు మంద వంక చూచి, రెండుమార్లు ఈల వేసి, “నాకు గుర్తులేదండీ పంతులుగారూ. పదండి, చెరువు దాకా నేనూ వస్తా,” అనెను.

దారిలో నేను కలివికోడిని గూర్చి యతనికి చెప్పితిని; నడుమ నిశ్శబ్దము భరింపలేక చెప్పితినని యొప్పుకొనెదను. కడపజిల్లా పొదలలో తిరుగు నీ పక్షి 1848లో శాస్త్రగ్రంథములకెక్కినది. దానిని కనుగొన్న జెర్డన్ అను వైద్యుడు నెల్లూరిలో నుద్యోగము చేసినవాడు. 1862 మొదలు ప్రకటించిన పక్షిశాస్త్రమునందు మన పిట్టల తెలుగు పేరులను గూడ నడిగి వ్రాసికొన్న పుణ్యాత్ముడు. 1900 తరువాత కలివికోడి యెవరికిని కనబడలేదు గావున నశించినదని పెద్దలు నిశ్చయించిరి. 1986లో లంకమల ప్రాంతమున నది మఱల దొరకినది. పరిశోధకులకది దొరకుట ఆ ప్రాంతపు పిట్టలవేటగాని సహాయమున. ఎనుబదియేండ్లకు పైగా పుస్తకములలో చచ్చియుండిన పక్షి యచ్చటివారి నోట పేరుతోసహా బ్రదికియే యున్నది. ఇతడంతయు విని, “వాళ్లని ఎవరూ అడగలేదేమోనండీ,” అనెను.

మార్గమున బూరుగచెట్టొకటి యాకు లేక, ఒడలంతయు ఎఱ్ఱని పూలతో నిలిచియుండెను. దానిపై రమారమి మూడువందల గులాబిగోరువంకలు. తల నలుపు, రెక్కలు నలుపు, నడుమ గులాబిరంగు కండువా. పూవులలో ముక్కులు ముంచి తేనె త్రావుచుండగా మొగములకు పుప్పొడి యంటి పసుపు పూసికొన్న పేరంటాండ్రవలె నుండెను. సద్దు మాత్రము పేరంటమునకు మించియున్నది. ఇవి నిజముగా పరదేశులు; మధ్యాసియా బయళ్లలో మిడుతలు పుట్టుకాలమునకు పోయి యచ్చటనే పిల్లలు చేసికొనును. అచ్చట మిడుతలను తిని సస్యమును రక్షించునని పేరు. ఇచ్చట మన జొన్నచేలమీద పడును గనుక రైతు వీనిని తిట్టును. ఒకే పక్షి; ఇద్దఱు రైతులు.

తీగమీద పాలపిట్ట యొకటి మౌనముగ కూరుచుండెను. కూరుచున్నపుడది మట్టిరంగు ముద్ద. ఎగిరిన క్షణమున నీలపు రెక్క విప్పి మనలను విస్మితులను చేయును. ఆనాడు నిట్టనిలువున పైకెగసి, కర్ణకఠోరముగ నఱచుచు, అటునిటు దొరలుచు క్రిందికి పడి, నేలకు బారెడెత్తున తేరుకొనెను. ఆడుదాని మెప్పునకై మగది చేయు సాము. దసరానాడు పాలపిట్టను చూడవలెనని పట్టిన పక్షిని పంజరములో చూచి కాసులిచ్చువారున్నారు. 1972 నాటి శాసనము వన్యపక్షులను పట్టరాదనుచున్నది. శాసనమటుండగా, రెక్క విప్పని పాలపిట్టను చూచినవాడేమి చూచినట్లు? ఇది తెలంగాణమునకు రాష్ట్రపక్షి. ఆంధ్రప్రదేశమునకును ఇదియే యుండగా 2018లో మనవారు దీనిని మార్చి రామచిలుకకా గౌరవమిచ్చిరి. పాలపిట్టకీ మార్పు తెలిసినట్లు లేదు. తీగమీద మునుపటి దర్జాతోనే కూరుచున్నది.

ఉప్పలపాటి చెఱువును వర్ణించుట కష్టము. చూచుటకంటె ముందు వినవలెను, వినుటకంటె ముందు వాసన తగులును. చెఱువు నడుమ చిన్న దిబ్బలు. వానిపై సర్కారుతుమ్మలు. పొలములనాక్రమించి, యెంత నఱకినను చావని యా పాడుచెట్టు దూరపు అమెరికా ఖండమునుండి వచ్చినది. దానిని తిట్టని రైతు లేడు. నేనును తిట్టినవాడనే. అయినను ఆ ముండ్లకొమ్మలమీదనే యెఱ్ఱకాళ్లకొంగలు, గూడబాతులు, నల్లతలల తెల్లకంకణములు, నీటికాకులు ఒకదానిపైనొకటి అంతస్తులుగా గూళ్లు కట్టినవి. ఒక్క చెట్టున ఇరువది సంసారములు. కొమ్మ వంగినది గాని విఱుగలేదు.

మేము పోయినపుడు పిల్లలు చాలవఱకు ఎదిగియుండెను. గూడబాతుపిల్ల తల్లి నోటిసంచిలోనికి తలను, మెడను, ఇంచుమించు భుజములవఱకు దూర్చి చేపను వెదకుకొనును. తల్లిని మ్రింగుచున్నదా యని చూచువారికి భయము. ఎఱ్ఱకాళ్లకొంగల పిల్లలు బొంగురుగొంతుతో నఱచుచుండును. పెద్దవానికి గొంతు దాదాపుగ లేదు, ముక్కులు టకటక కొట్టి మాటలాడుకొనును. ఎండ పైకి వచ్చినకొలదిని తల్లికొంగ రెక్కలు గొడుగువలె చాపి పిల్లలకు నీడపట్టి నిలుచుండెను. అది యరగంటసేపు కదలకుండుట చూచితిని. ఒడ్డున నత్తగుల్లకొంగ యొకటి యాహారము తినుచుండెను. దాని ముక్కు రెండు దవడల నడుమ సందుండును. మూయబోయిన పాకుకోళ్లవలె కలియవు. ఆ సందే నత్త నొడిసిపట్టుటకు సాధనము. గుల్ల పగులగొట్టకయే మాంసమును లాగి, గుల్లను ఒడ్డున విడిచిపెట్టును. పిల్లకొంగకీ సందుండదు, పెరిగినకొలది వచ్చును.

వీనిని సైబీరియానుండి వచ్చిన యతిథులని మనవారు వ్రాయుదురు. నేనును పిల్లలకట్లే చెప్పితిని. గూడబాతును, ఎఱ్ఱకాళ్లకొంగయు మన దక్షిణాసియా పక్షులే. వాననుబట్టి, చేపనుబట్టి చెఱువునుండి చెఱువునకు మారుచుండును. కొల్లేటియంచున ఆటపాక, నెల్లూరిసీమలో నేలపట్టు, శ్రీకాకుళముజిల్లాలో తేలినీలాపురము వీని పుట్టిండ్లు. ఇంటి యాడుబిడ్డలను మనమే పరదేశులను చేసితిమి.

పైన గద్ద యొకటి తిరుగుచుండగా నేను, “రాబందును చూచి యెన్నాళ్లైనది?” అని యడిగితిని. “మా నాన్న ఉన్నప్పుడండీ. గొడ్డు చచ్చిందంటే ఊరి బయట యాభై వాలేవి. రెండు గంటల్లో బొమికలు మిగిలేవి. ఇప్పుడు కుక్కలే,” అనెను. మందుగొట్టి చంపిరని యతడనుకొనెను. మందే, కాని యెవరును చంపవలెనని పెట్టినది కాదు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన గొడ్డు మాంసమునందు మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచినది. 1990 తరువాతి యేండ్లలో ఈ దేశపు రాబందులు నూటికి తొంబదియైదింటికి మించి నశించెను. 2006లో పశువులకా మందును నిషేధించిరి. 2023లో అట్టివే మఱి రెండింటిని. అతడు చాలసేపు మాటలాడలేదు. “ఆ సూది మా గొర్రెలకీ వేయించామండీ,” అనెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. తెలియక చేసినదనుట నాకు సులభముగా నోట వచ్చు మాట. ఆ దినమునకది వాడుకొనుటకు మనస్కరింపలేదు.

ఎండ చుఱ్ఱుమనసాగినది. చెఱువుగట్టున నిలిచి గంట దాటియుండును. మోకాళ్లు లాగుచుండెను గాని, దుర్భిణి దించబుద్ధి పుట్టలేదు. అతడు భుజముమీది గొంగడి దీసి వేపచెట్టు మొదట పఱచెను.

“కూర్చోండి పంతులుగారూ. బల్లెక్కి నిలబడమని మిమ్మల్ని ఎవరూ అన్లేదుగా!” అనెను.

నేనతని మొగము చూచితిని. అతడు చెఱువు వంక చూచుచు మీసములలో నవ్వుచుండెను. నేను గొంగడిమీద కూలబడితిని. కొంతసేపటికి నాకును నవ్వు వచ్చినది. దానితోపాటు మఱియేదో వచ్చినది గాని అది ఆకాశవాణిలో చెప్పదగినది కాదు.

లేచునపుడతడు, “ఇందాక మగకోయిలకి ఏదో పేరన్నారు కాళిదాసుది. ఆ మాట కాయితం మీద రాసివ్వండి,” అనెను. నా జేబులోని మందులచీటి వెనుక పుంస్కోకిల మని పెద్దయక్షరములతో వ్రాసి, క్రింద నర్థము వ్రాసితిని. అతడు పెదవులు కదలించుచు రెండుమార్లు చదువుకొని, చీటిని మడిచి తలగుడ్డలో దోపుకొనెను. కుమార్తెకు చూపుటకట. ఆ బాలిక యిప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నది.